షూగేజ్ బ్యాండ్ల జాబితా మీద ఒక మెకానిక్ మాట

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో షూగేజ్ మీద, అంటే 1990 ప్రాంతంలో బ్రిటన్‌లో పేరుపడ్డ ఒక రకం గిటార్ రాక్ సంగీతం మీద, పూర్తి పేజీ వ్యాసం వేశారు. తెలుగు పేపర్లో ఈ మాట అచ్చులో చూడడం నాకు ఇదే మొదటిసారి. పేపరు మడిచి షాపుకు పట్టుకెళ్లి, మధ్యాహ్నం క్యారేజీ తింటూ రెండుసార్లు చదివాను. రాసినవారికి ముందుగా నా కృతజ్ఞతలు. కానీ పేజీ అడుగున బాక్సు కట్టి ఇచ్చిన ‘పది షూగేజ్ బ్యాండ్లు’ జాబితా చూశాక ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. అందులో సిగరెట్స్ ఆఫ్టర్ సెక్స్ ఉంది, రేడియోహెడ్ ఉంది, మ్యాజీ స్టార్ ఉంది. రైడ్ లేదు, లష్ లేదు. పైన వ్యాసంలో షూగేజ్ అంటే ‘నెమ్మదిగా, దిగులుగా సాగే రాక్’ అని ఒక్క ముక్కలో చెప్పేశారు. ఆ ముక్క దగ్గర దారి తప్పారు కాబట్టే కింద జాబితా కూడా తప్పింది.

నేను తెనాలిలో యాంప్లిఫయర్లు, మిక్సర్లు, గిటార్ పెడళ్లు (గిటార్ శబ్దాన్ని మార్చడానికి కాలితో నొక్కే చిన్న పెట్టెలు) రిపేరు చేస్తాను. మా నాన్నకు మైక్ సెట్ ఉండేది. శ్రీరామనవమి పందిళ్లు, పెళ్లిళ్లు, ఎలక్షన్ మీటింగులు, అన్నిటికంటే ఎక్కువగా పద్య నాటకాలు. మా ఊళ్లో పద్య నాటకానికి మైకు పెట్టడమంటే పరీక్షకు కూర్చున్నట్టే. హార్మోనియం ఒక పిసరు ఎక్కువైనా, పద్యంలో ఒక్క అక్షరం మింగేసినట్టు వినబడినా, ముందు వరుసలో కూర్చున్న పెద్దమనిషి లేచి ‘ఏమయ్యా మైకూ!’ అని కేకేసేవాడు. అందుకని నాన్న నాకు రెండే రెండు నేర్పాడు. గొంతు అన్నిటికంటే పైన ఉండాలి. మైకు కుయ్‌మని కూత పెట్టకూడదు. మైకులోకి వెళ్లిన శబ్దం హారన్లోంచి బయటికొచ్చి, మళ్లీ అదే మైకులోకి దూరి, అలా తిరిగి తిరిగి పెరిగిపోవడమే ఆ కూత. దాన్ని ఆపడం తెలియనివాణ్ణి మైక్ సెట్టువాడు అనరు.

ఆ రెండు సూత్రాలతో పెరిగినవాడిని. 1998లో విజయవాడలో ఒక రిపేరు షాపులో పనిచేస్తుండగా ఒక ఇంజనీరింగ్ కుర్రాడు గిటార్ పెడల్ పట్టుకొచ్చాడు. ‘అన్నా, దీంట్లోంచి ఇలాంటి సౌండ్ రావాలి’ అంటూ జేబులోంచి ఒక క్యాసెట్ తీశాడు. ఎవరి దగ్గరో కాపీ చేయించుకున్నది, లేబుల్ మీద పెన్సిల్‌తో రాసుంది. బల్ల మీదున్న డెక్‌లో పెట్టాను. నాలుగు డ్రమ్ము దెబ్బలు పడ్డాయో లేదో, ఒక మోత మీద పడింది. శ్రుతి నిలబడడం లేదు, పైకీ కిందికీ ఊగుతోంది. క్యాసెట్ సాగిపోయిందనుకున్నాను. డెక్ మూత తీసి, దూది స్పిరిట్‌లో ముంచి హెడ్డు తుడిచాను, పించ్ రోలర్ తుడిచాను, బెల్టు వదులైందేమో వేలితో నొక్కి చూశాను. మళ్లీ పెట్టాను. మళ్లీ అదే ఊగుడు. ఆ కుర్రాడు నా చెయ్యి పట్టుకుని ఆపి, ‘అన్నా, డెక్కు బాగానే ఉంది. పాటే అంత’ అన్నాడు.

అది మై బ్లడీ వాలెంటైన్ వాళ్ల ‘లవ్‌లెస్’. 1991 నవంబర్ 4న బ్రిటన్‌లో విడుదలైంది. డబ్లిన్‌లో 1983లో మొదలైన బ్యాండ్ అది. కెవిన్ షీల్డ్స్, కోల్మ్ ఓ క్యూసోగ్, బిలిండా బుచర్, డెబ్బీ గూజ్, నలుగురు. ఈ రికార్డు కోసం రెండేళ్లపాటు పంతొమ్మిది స్టూడియోలు మారారు. రెండున్నర లక్షల పౌండ్లు అయిందనీ, క్రియేషన్ రికార్డ్స్ కంపెనీ దివాలా అంచుకు వెళ్లిందనీ చెప్పుకుంటారు. అంత కాలేదని షీల్డ్స్ ఇప్పటికీ అంటాడు. ఆ లెక్క ఎలా ఉన్నా, నా మనసు మాత్రం ఆ ఊగుడు ఎక్కణ్ణుంచి వచ్చిందన్న దాని మీదే ఉండిపోయింది.

దాని గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. ఎలక్ట్రిక్ గిటార్లు కొన్నిటికి బ్రిడ్జి దగ్గర, అంటే గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోట, ఒక లోహపు కడ్డీ ఉంటుంది. నొక్కితే తీగలు వదులై శ్రుతి దిగుతుంది, వదిలితే మళ్లీ పైకి వస్తుంది. మామూలుగా దాన్ని పాటలో ఒకచోట, మెరుపులా వాడి వదిలేస్తారు. షీల్డ్స్ 1988 ప్రాంతంలో ఒక మిత్రుడి దగ్గర ఫెండర్ జాజ్‌మాస్టర్ గిటార్ అరువు తెచ్చుకున్నాడు. ఆ కడ్డీని అరచేతిలో పట్టుకునే, అదే చేత్తో తీగలు మీటడం మొదలుపెట్టాడు. చెయ్యి ఊగినప్పుడల్లా మొత్తం కార్డ్, అంటే కలిసి మోగే స్వరాల గుత్తి, ఊగుతుంది. వయొలిన్ మీద గమకం వేస్తే ఒక స్వరమే ఊగుతుంది, ఇక్కడ గుత్తంతా ఒకేసారి వంగి లేస్తుంది. దానికి రివర్స్ రివర్బ్ కలిపాడు, యమహా ఎస్‌పీఎక్స్ 90 లాంటి యంత్రంతో. మామూలు రివర్బ్ అంటే గుడి మంటపంలో చప్పట్లు కొడితే తోకలా సాగే శబ్దం. ఇక్కడ ఆ తోక తలకిందులవుతుంది, మెల్లగా ఉబ్బుతూ వచ్చి టక్కున ఆగుతుంది. మీటిన చప్పుడు కరిగిపోయి, ఎక్కడ మొదలైందో తెలియని శబ్దం మిగులుతుంది. వందల గిటార్లు ఒకదాని మీద ఒకటి పేర్చారని చాలామంది అనుకుంటారు. గిటార్లు తక్కువేననీ, పెడళ్లు కూడా జనం అనుకున్నన్ని లేవనీ షీల్డ్సే చెప్పాడు. నేను ఒక కస్టమర్ గిటార్ మీద కడ్డీ పట్టుకుని అలా మీటి చూశాను. ఒక్క గిటార్‌తోనే షాపంతా ఊగినట్టయింది.

ఇక గొంతు. ‘లవ్‌లెస్’లో బిలిండా బుచర్ గొంతు చాలాసార్లు పొద్దున్నే, నిద్రలోంచి లేపి మరీ రికార్డు చేశారు. ఆ నిద్రమత్తు అలాగే ఉంటుంది. దాన్ని గిటార్ల మీద పెట్టలేదు, గిటార్ల లోపల పెట్టారు. మాటలు తెలియవు. మా ఊరి నాటకాల ముందు వరుస వాళ్లు వింటే మైకువాణ్ణి తరిమేసేవారు. మా నాన్న నేర్పిన రెండు సూత్రాలనూ ఈ మనుషులు తెలిసి తెలిసి తిరగేశారు. గొంతు పైన ఉండకూడదు, కూత సంగీతం కావాలి. నాకు షూగేజ్ అంటే ఇదీ. దిగులూ నెమ్మదీ తర్వాతి మాట. అదే రికార్డు చివరి పాట ‘సూన్’ డాన్స్ పాట, దాని డ్రమ్ములకు కాలు ఆడించకుండా కూర్చోలేరు. మొదటి పాట ‘ఓన్లీ షాలో’ మీద పడి కొడుతుంది. ఇవి రెండూ దిగులు పాటలని ఎవరంటారు?

పేరు గురించి కూడా వ్యాసంలో పొరపాటు ఉంది. సిగ్గుపడి, కుంగిపోయి బూట్లు చూసుకుంటారు కాబట్టి ఆ పేరు వచ్చిందని రాశారు. ఆ మాట పుట్టిందే ఎగతాళిగా. ‘సౌండ్స్’ అనే లండన్ వారపత్రిక మూస్ అనే బ్యాండ్ కచేరీ గురించి రాస్తూ వాడిందని చెబుతారు. ఆ గాయకుడు పాట సాహిత్యాన్ని కాగితం మీద రాసి స్టేజీ నేల మీద అంటించుకున్నాడు, అది చూస్తూ పాడాడు. మిగతా బ్యాండ్లకు వచ్చేసరికి కారణం ఇంకా మామూలుది. పెడళ్లు కాళ్ల దగ్గర ఉంటాయి, పాట మధ్యలో ఏది ఆన్ చెయ్యాలో ఏది ఆపాలో చూసుకోవాలి. డ్రైవరు గేరు వైపు చూస్తే సిగ్గుపడ్డాడంటామా? మెలోడీ మేకర్ పత్రిక అయితే వీళ్లను తమను తామే పండగ చేసుకునే గుంపు అంది, ఒకరి కచేరీకి ఒకరు వెళ్లి వింటారని. ఒకరి పని ఒకరు శ్రద్ధగా వినడం తప్పెలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడు జాబితా సంగతి. నా అభ్యంతరం పేర్లు మార్చినంత మాత్రాన తీరేది కూడా కాదు. బ్యాండ్ల జాబితా వెయ్యడమే ఇక్కడ కుదరదు. రికార్డుల జాబితా వెయ్యాలి. ఎందుకంటే ఒకే బ్యాండ్ ఒక రికార్డులో షూగేజ్, ఇంకో రికార్డులో కాదు.

రైడ్‌ను తీసుకోండి. ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్లు నలుగురు, మార్క్ గార్డెనర్, ఆండీ బెల్, స్టీవ్ క్వెరాల్ట్, లోజ్ కోల్బర్ట్. 1990లో వచ్చిన వాళ్ల ‘నోవేర్’ రికార్డు అట్ట మీద ఒక్క సముద్రపు అల తప్ప ఏమీ ఉండదు. లోపల శబ్దం కూడా అలాగే వస్తుంది. కోల్బర్ట్ డ్రమ్ములు కింద ఉరుముతుంటే రికెన్‌బ్యాకర్ గిటార్లు పైన మెరుస్తుంటాయి. చివర్లో వచ్చే ‘వేపర్ ట్రయల్’లో గిటార్లు ఒక్కొక్కటే తప్పుకుని తీగవాద్యాలు మాత్రం మిగిలే చోటు నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అది షూగేజ్, సందేహం లేదు. అదే రైడ్ 1994లో చేసిన ‘కార్నివాల్ ఆఫ్ లైట్’ మాత్రం అరవైల నాటి రాక్ వైపు నడిచింది. దాన్ని ఈ లెక్కలో కలపలేం. ఆండీ బెల్ తర్వాత 1999లో ఒయాసిస్ అనే పెద్ద బ్యాండ్‌లో బేస్ గిటారిస్టుగా చేరాడు, అక్కడ వాయించింది వేరే సంగీతం. లష్ కూడా అంతే. 1992లో ‘స్పూకీ’, 1994లో ‘స్ప్లిట్’ షూగేజ్ రికార్డులే. 1996లో వచ్చిన ‘లవ్‌లైఫ్’లో గొంతు ముందుకొచ్చేసింది, మాటలు అక్షరం అక్షరం వినబడతాయి, అది బ్రిట్‌పాప్ (తొంభైల మధ్యలో ఇంగ్లండ్‌ను ఊపిన గిటార్ పాప్) కాలపు రికార్డు. ద వర్వ్ 1993లో చేసిన ‘ఎ స్టార్మ్ ఇన్ హెవెన్’ లోపలుంది, తర్వాత వాళ్లకు లోకమంతా పేరు తెచ్చిన పాటలు బయటున్నాయి.

స్లోడైవ్ కథ నాకు ఇంకా దగ్గరిది. రెడింగ్ అనే ఊరి పిల్లలు, 1989లో మొదలెట్టారు. నీల్ హాల్‌స్టెడ్, రేచల్ గోస్వెల్ ఇద్దరూ పాడతారు, ఇద్దరూ గిటార్ వాయిస్తారు. 1993లో ‘సువ్లాకీ’ చేశారు. షీల్డ్స్ శ్రుతిని ఊపితే వీళ్లు కాలాన్ని సాగదీశారు. ఒక స్వరం మీటి, డిలేతో దాన్ని మళ్లీ మళ్లీ పలికించి, ఆ పలుకులన్నీ రివర్బ్‌లో కలిసిపోయేదాకా ఆగుతారు. అప్పటి ఇంగ్లండ్ పత్రికలు దాన్ని నానా మాటలన్నాయి. మ్యానిక్ స్ట్రీట్ ప్రీచర్స్ అనే ఇంకో బ్యాండ్‌లోని రిచీ ఎడ్వర్డ్స్ అయితే హిట్లర్ కంటే స్లోడైవ్ మీదే తమకు ఎక్కువ ద్వేషమన్నాడు. పాటలు చేసుకునే ఇరవై ఏళ్ల పిల్లల మీద అంత మాటా? 1995లో ‘పిగ్మేలియన్’ వచ్చింది. అందులో గిటార్ గోడ దాదాపు లేదు, సగం నిశ్శబ్దమే. వెంటనే క్రియేషన్ కంపెనీ ఈ బ్యాండ్‌ను వదిలేసింది. అప్పటికి ఆ కంపెనీకి ఒయాసిస్ దొరికింది. మూడు రికార్డులతో స్లోడైవ్ ఆగిపోయింది. మళ్లీ 2014లో కలిశారు. 2017లో రికార్డు, 2023లో ‘ఎవ్రీథింగ్ ఈజ్ అలైవ్’. ఆ చివరిదాన్ని రేచల్ గోస్వెల్ తల్లికీ, డ్రమ్మర్ సైమన్ స్కాట్ తండ్రికీ అంకితమిచ్చారు, ఇద్దరూ 2020లో పోయారు. ఒకప్పుడు అంత తిట్లు తిన్న ఆ రికార్డులు ఇప్పుడు ఇరవై ఏళ్ల పిల్లలు వింటున్నారు. నా షాపుకు పెడళ్లు తెచ్చే ఇంజనీరింగ్ పిల్లల్లో ఇద్దరు ముగ్గురు స్లోడైవ్ పేరు చెప్పారు. రీల్స్‌లో విన్నారట. ఎక్కడ విన్నా మంచిదే.

పూర్వీకుల విషయంలో కూడా మీ వ్యాసం గజిబిజి చేసింది. కాక్టో ట్విన్స్‌ను షూగేజ్ బ్యాండ్ అన్నారు. స్కాట్లండ్‌లోని గ్రేంజ్‌మౌత్‌లో 1979లో మొదలైనవాళ్లు. అప్పటికి ఆ మాటే లేదు. రాబిన్ గథ్రీ గిటార్ మెరుపూ, ఎలిజబెత్ ఫ్రేజర్ అర్థంతో పనిలేకుండా పాడే పద్ధతీ లేకపోతే తర్వాతి వాళ్లకు దారి ఉండేది కాదు, నిజమే. ‘స్పూకీ’ని ప్రొడ్యూస్ చేసింది కూడా గథ్రీయే. కానీ ఫ్రేజర్ గొంతు మునగదు, శిఖరం మీద నిలబడుతుంది. అందుకే వాళ్లది డ్రీమ్ పాప్, కలలో తేలినట్టుండే పాప్. షూగేజ్‌కు పెద్దమ్మ వరస అనుకోవచ్చు, ఇంటివాళ్లు మాత్రం కారు. జీసస్ అండ్ మేరీ చెయిన్ కూడా పెద్దలే. ఆ బ్యాండ్‌లోని రీడ్ అన్నదమ్ములు 1985లో ‘సైకోక్యాండీ’లో తియ్యటి పాప్ ట్యూన్ల మీద మైకు కూత లాంటి ఫీడ్‌బ్యాక్ కుమ్మరించారు. నాన్న జీవితమంతా ఆపుతూ వచ్చిన ఆ శబ్దాన్ని వీళ్లు పాటకు పమిటలా కప్పారు.

మ్యాజీ స్టార్, సిగరెట్స్ ఆఫ్టర్ సెక్స్ నాకూ ఇష్టమే. కానీ వాళ్ల పాటల్లో గిటార్ స్పష్టం, గొంతు మన చెవి పక్కనే ఉంటుంది, ఊపిరి తీయడం కూడా వినబడుతుంది. ఇది షూగేజ్‌కు సరిగ్గా ఎదురు పద్ధతి. రేడియోహెడ్ అయితే ఏ కోణంలో చూసినా రాదు. వాళ్ల బదులు ఛాప్టర్‌హౌస్ ‘వర్ల్‌పూల్’, పేల్ సెయింట్స్ ‘ద కంఫర్ట్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’, స్వెర్వ్‌డ్రైవర్ ‘రెయిజ్’, క్యాథరిన్ వీల్ ‘ఫర్మెంట్’ రాయండి. వీటిలో స్వెర్వ్‌డ్రైవర్ గురించి నాతో వాదించేవాళ్లుంటారు, అది రాక్‌కే దగ్గర అంటారు. ఆ వాదనలో కొంత న్యాయం ఉంది. అయినా నేను దాన్ని ఉంచుతాను.

నా కొలతకు ఒక చిక్కు కూడా వచ్చింది, దాచడం ఎందుకు. పారానూల్ అని దక్షిణ కొరియాలో ఒకరు, ఒంటరిగా, 2021లో ఒక రికార్డు చేశారు. అందులో గిటార్లు నిజం గిటార్లే కావు, కంప్యూటర్‌లో చేసినవి. కడ్డీ లేదు, పెడల్ లేదు, కాళ్ల దగ్గర చూడడానికి ఏమీ లేదు. మెకానిక్‌గా నాకు మొదట ఒప్పుకోబుద్ధి కాలేదు. కానీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే గొంతు ఆ మోత లోపల ఎక్కడో అడుగున కొట్టుకుంటోంది, పైకి రావాలని ప్రయత్నిస్తోంది. 1998లో ఆ డెక్‌లోంచి విన్నది ఇదే. కాబట్టి పనిముట్టు ఏదైనా సరే, గొంతూ గిటారూ ఒకదాంట్లో ఒకటి కరిగాయా లేదా అన్నదే నా చివరి పరీక్ష.

చెవుల గురించి ఒక మాట. హారన్ల కింద పెరిగిన నాకు ఎడమ చెవిలో ఎప్పుడూ సన్నగా గుయ్‌మంటూ ఉంటుంది. షీల్డ్స్‌కు కూడా ఆ జబ్బు ఉందని ఆయనే చెప్పాడు. మై బ్లడీ వాలెంటైన్ 2008లో మళ్లీ కచేరీలు మొదలెట్టినప్పుడు తలుపు దగ్గర చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు పంచారు. ఈ సంగీతాన్ని గట్టిగానే వినాలని మీ వ్యాసంలో రాశారు. దయచేసి పిల్లలకు అలా చెప్పకండి. ‘లవ్‌లెస్’ను చిన్న సౌండ్‌లో పెట్టినా గది నిండుతుంది. దాని గొప్ప అదే.

చివరిగా ఫొటో. ఆ పేజీలో బిలిండా బుచర్ ఫొటో వేసి, కింద ‘గాయని’ అని మాత్రం రాశారు. అదే ఫొటోలో ఆమె మెడలో గిటార్ ఉంది, చెయ్యి తీగల మీదే ఉంది. ఈ సంగీతంలో ఆడవాళ్లు ముందు నిలబడి పాడి వెళ్లిపోయేవాళ్లు కారు. బుచర్, గోస్వెల్ గిటార్ వాయిస్తారు, డెబ్బీ గూజ్ బేస్ వాయిస్తుంది. లష్‌లో మికి బెరేన్యీ, ఎమ్మా ఆండర్సన్ ఇద్దరూ గిటారిస్టులే, పాటలూ వాళ్లే కట్టారు. మా షాపుకు ఈ ఏడాది గిటార్ తెచ్చిన ఆడపిల్లలు నలుగురు. ఒకమ్మాయి సోల్డరింగ్ నేర్పమని అడిగితే జాక్ సాకెట్ తనతోనే అతికించాను. మీ పేజీ ఆ పిల్ల కూడా చూసి ఉంటుంది. జాబితా సవరించడానికి స్థలం లేకపోతే పోనివ్వండి, వచ్చే ఆదివారం సవరణల గడిలో ఆ ఫొటో గురించి ఒక్క లైను వెయ్యండి: ‘బిలిండా బుచర్, గిటారిస్టు, గాయని’ అని.

ఇట్లు,
మీ పాఠకుడు,
యాంప్లిఫయర్ మెకానిక్, తెనాలి